సిమియోను గారి గోడమీది చిత్తరువు
(హెన్రీ మార్టిన్ గారు, వారి కుటుంబము)

మన అధ్యక్ష మండలము నూరు సంవత్సరములు నిండిన ఈ శుభ సమయమున, మన సంఘముల చరిత్రను, వాటిని కట్టిన దైవజనుల చరిత్రను పలువురు పెద్దలు ఈ సంచికలో వ్రాస్తున్నారు. మేము మాత్రము ఒక చిత్తరువును గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచాము. అది 1810వ సంవత్సరములో కలకత్తాలో వేయబడిన రంగుల చిత్తరువు. అందులో ఉన్న మనిషి హెన్రీ మార్టిన్ గారు. అప్పటికి వారి వయస్సు ఇరువది తొమ్మిది సంవత్సరములు.

ఈ పేరు మన వారికి బొత్తిగా క్రొత్త కాదు. 1930లో లాహోరులో స్థాపింపబడి, తర్వాత పలు పట్టణములు మారి, 1971లో హైదరాబాదుకు వచ్చిన హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ ఆయన పేరు మీదనే ఉన్నది. అయితే ఆయన ఎవరు, ఏ ఇంటి బిడ్డ, ఎవరి ప్రార్థనలవలన ఆ స్థితికి వచ్చారు అని అడిగితే చెప్పగలవారు మనలో తక్కువ. ఆ కొరత తీర్చుటకే ఈ చిన్న ప్రయత్నము.

చిత్తరువు ఇంగ్లాండు చేరిన విధము

ఛార్లెస్ సిమియోను గారు కేంబ్రిడ్జిలోని హోలీ ట్రినిటీ దేవాలయములో 1782 మొదలు 1836లో మరణించువరకు ఏబది నాలుగు సంవత్సరములు గురువుగా ఉన్నారు. వివాహము చేసికొనలేదు. ఆయనకు బిడ్డలంటే ఆయన చేతిక్రింద తయారైన యువకులే. వారిలో అనేకులు ఇండియాకు వచ్చారు. మార్టిన్ గారు ఆయనకు సహాయ గురువుగా పనిచేసినవారు, ఆయన ప్రాణముతో సమానముగా ప్రేమించినవారు.

ఫోటోగ్రఫీ లోకమునకు తెలిసినది 1839లో. అంతకు ముందు ఇండియాకు ఓడ యెక్కిన కుమారుని ముఖము మరల చూడవలెనంటే చిత్రకారుని చేత వేయించిన పటమే దిక్కు. అందుచేత సిమియోను గారి కొరకు కలకత్తాలో మార్టిన్ గారి చిత్తరువు వేయించి ఓడమీద పంపారు. అది 1812లో లండనులోని ఈస్టిండియా కంపెనీ వారి ఇండియా హౌసుకు చేరింది.

సిమియోను గారు అక్కడికి వెళ్ళి చూశారు. తాము సాగనంపినది ఇరువది నాలుగేండ్ల యువకుని. ఈ పటములో ఉన్నది బుగ్గలు పీల్చుకొనిపోయి, దేహము చిక్కిపోయిన రోగి. ఆయన ఆ పటమును చూడజాలక, గదిలో మరియొక మూలకు పోయి ముఖము కప్పుకొని దుఃఖించారు.

తర్వాత దానిని కేంబ్రిడ్జికి తెచ్చుకొని తమ గదిలో పొయ్యి పైభాగమున తగిలించుకొన్నారు. తమను చూడవచ్చిన వారికి దానిని చూపేవారు. గదిలో ఎటు తిరిగినను ఆ కన్నులు తమ్మునే చూస్తున్నట్లున్నవనియు, శ్రద్ధగా ఉండుము, కాలము వృథాపుచ్చకుము అని హెచ్చరిస్తున్నట్లున్నవనియు చెప్పేవారు. ఆ పిమ్మట చిరునవ్వుతో పటము వైపు తిరిగి, అట్లే చేస్తానని మాట ఇచ్చేవారట. తమ మరణానంతరము ఆ పటము విశ్వవిద్యాలయ గ్రంథాలయమునకు చెందునట్లు వారే ఏర్పాటు చేశారు.

గనిలో పనిచేసిన తండ్రి

పటములోని మనిషి ఏ గొప్ప ఇంటిలో పుట్టలేదు. ఇంగ్లాండు దేశపు నైరృతి కొసన కారన్‌వాల్ అను ప్రాంతమున్నది. అది తగరము, రాగి గనులకు ప్రసిద్ధి. అక్కడి గ్వెన్నాప్ అనే గనుల గ్రామము క్రైస్తవ చరిత్రలో పేరుగలది. పల్లముగా గుంటపడిన ఒక స్థలములో నిలిచి జాన్ వెస్లీ గారు వేలాది గని కూలీలకు పలుమారులు సువార్త ప్రకటించినది అక్కడనే.

హెన్రీ గారి తండ్రి జాన్ మార్టిన్ ఆ గ్వెన్నాప్ వాడు. గనిలో పని. నాలుగు గంటలు పని, నాలుగు గంటలు విశ్రాంతి చొప్పున వంతులు నడిచేవి. తోటివారు ఆ విశ్రాంతి వేళను నిద్రతోనో కబుర్లతోనో గడిపేవారు. ఆయన మాత్రము లెక్కల పుస్తకము ముందు పెట్టుకొని గణితము నేర్చుకొన్నాడు. బడి లేదు, పంతులు లేడు. అట్లు నేర్చిన లెక్కలే ఆయనను గనిలోనుండి పైకి తెచ్చాయి. ట్రూరో పట్టణములో ఒక వర్తకుని వద్ద ముఖ్య గుమాస్తా అయ్యాడు. కూలి వానిగా బ్రతుకవలసిన మనిషి కుటుంబముతో పట్టణములో గౌరవముగా స్థిరపడ్డాడు.

ఈ సంగతి చదువుతున్నప్పుడు మనకు మన తాతలు జ్ఞాపకము వస్తారు. పగలంతా కామందు పొలములో పనిచేసి, రాత్రి కిరసనాయిలు దీపము దగ్గర ఉపదేశి చెప్పగా అక్షరములు దిద్దుకొన్నవారు మన సంఘములలో ఎందరో ఉన్నారు. వారి బిడ్డలు టీచర్లు అయ్యారు, నర్సులు అయ్యారు, గురువులు అయ్యారు. కారన్‌వాల్ గనిలో జరిగినదీ, మన పల్లెలలో జరిగినదీ ఒకటే కథ.

1781 ఫిబ్రవరి 18న ట్రూరోలో హెన్రీ జన్మించారు. తల్లి ఆయన పసితనములోనే క్షయవ్యాధితో మరణించింది. ఒక అన్న, ఒక అక్క, ఒక చెల్లెలు. తల్లినుండి వచ్చిన బలహీనమైన ఊపిరితిత్తులే ఆ బిడ్డలకు మిగిలిన ఆస్తి అని చెప్పవచ్చును. తండ్రి ఏడవయేట ఆయనను ట్రూరో గ్రామరు స్కూలులో చేర్పించాడు. హెన్రీ బక్కపలచని పిల్లవాడు, ఆటలలో వెనుక, కోపములో ముందు. పెద్ద పిల్లలు ఏడిపించేవారు. కెంప్‌థార్న్ అనే పై తరగతి విద్యార్థి ఆయనను తన ప్రక్కన కూర్చుండబెట్టుకొని కాపాడాడు.

ఆ కోపము ఎంతటిదో ఒక సంగతి చాలును. యౌవనకాలములో ఒకనాడు స్నేహితునిపై ఆగ్రహించి చేతిలోని కత్తి విసిరారు. అది తప్పిపోయి గోడలో గ్రుచ్చుకొన్నది. గురి తప్పకుండినచో ఈ చిత్తరువూ లేదు, ఈ చరిత్రయూ లేదు. పరిశుద్ధులని మనము పటము కట్టి పూజ్యముగా చూచువారు కూడా దేవుని కృపవలననే మారినవారని ఇందువలన తెలియుచున్నది.

చెల్లెలి మాట

1797లో ఆయన కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలలో చేరారు. మొదట రేఖాగణితము బోధపడక యూక్లిడ్ సిద్ధాంతములను కంఠస్థము చేసేవారట. క్రమముగా తండ్రి వద్ద నుండి వచ్చిన గణిత బుద్ధి మేల్కొన్నది. తరగతిలో మొదటివాడు కావలెనన్న పట్టుదల పెరిగింది. దానితోపాటు గర్వమూ పెరిగింది.

1799 వేసవి సెలవులలో ఇంటికి వచ్చినప్పుడు చెల్లెలు శాలీ ఆయనతో రక్షణను గూర్చి మాట్లాడింది. అన్నగారికి ఆ మాటలు రుచించలేదు. చెల్లెలిని విసుగుకొన్నారు, తండ్రితో కూడా కఠినముగా మాట్లాడారు. తుదకు బైబిలు చదువుతానని ఆమెకు మాట ఇచ్చి వెళ్ళారు గాని, కళాశాల చేరగానే న్యూటను పుస్తకములలో మునిగి ఆ మాట మరచిపోయారు. ఆ క్రిస్మసు పరీక్షలో ప్రథముడుగా వచ్చినందుకు తండ్రి మిక్కిలి సంతోషించాడు. మరుసటి నెలలోనే, అనగా 1800 జనవరిలో, తండ్రి మరణవార్త వచ్చింది.

ఇక క్షమాపణ అడుగుటకు తండ్రి లేడు. ఆ దుఃఖములో ఆయన బైబిలు తెరచారు. అపొస్తలుల కార్యములు మొదట చదువ నారంభించారు. కథగా ఉంటుందని మొదలుపెట్టినది, క్రమముగా అపొస్తలులు బోధించిన ప్రభువు వద్దకే ఆయనను నడిపించింది. ఇంటి నుండి చెల్లెలి ఉత్తరములు, కళాశాలలో పాత మిత్రుడు కెంప్‌థార్న్ గారి హితవు, దేవాలయములో సిమియోను గారి ప్రసంగములు, ఈ మూడు త్రాళ్ళతో ప్రభువు ఆయనను లాగుకొన్నాడు.

1801 జనవరిలో, ఇంకను ఇరువదియేండ్లు నిండకముందే, విశ్వవిద్యాలయ గణిత పరీక్షలో అందరికన్న మొదటివాడుగా సీనియర్ రాంగ్లర్ అయ్యారు. గని కూలీ కుమారుడు దేశములోని గొప్ప ఇండ్ల కుమారులను మించిపోయాడు. ఆ పరీక్షకు వెళ్ళునప్పుడు ఆయన మనస్సులో ఉన్నది యిర్మీయా గ్రంథము 45వ అధ్యాయము 5వ వచనమట. పాఠకులు తమ బైబిలు తెరచి ఆ వచనము చూడవలెనని కోరుతున్నాము. కోరుకొన్న ఘనత చేతికి వచ్చిన తర్వాత అది నీడవలె శూన్యముగా తోచినదని ఆయన తరువాత చెప్పుకొన్నారు.

నష్టము వచ్చిన సంవత్సరము

1803లో ఆయన డీకనుగా అభిషేకము పొంది సిమియోను గారికి సహాయకులైనారు. చర్చి మిషనరీ సొసైటీ 1799లో ఏర్పడినది. తొలి దినములలో దాని తరఫున విదేశమునకు వెళ్ళుటకు ఇంగ్లాండు సంఘములో గురువులు దొరకలేదు. అప్పుడు నేనున్నానని ముందుకు వచ్చిన వారు మార్టిన్ గారు.

అయితే 1804 ఆరంభములో కుటుంబమునకు గొప్ప నష్టము కలిగింది. తండ్రి కష్టపడి కూడబెట్టిన కొద్దిపాటి ఆస్తి కారన్‌వాల్‌లో పోయింది. ఆయన భాగముతోపాటు చెల్లెలి భాగమును పోయింది. ఏ చెల్లెలి మాటవలన తాను ప్రభువును ఎరిగెనో ఆ చెల్లెలు ఆధారము లేనిదాయెను. మిషనరీ సొసైటీ ఇచ్చు కొద్ది మొత్తముతో ఆమెను పోషించుట సాధ్యము కాదు. ఆమెను విడిచి వెళ్ళుట న్యాయము కాదు.

ఈ చిక్కులో మిత్రులు ఆలోచించి, ఈస్టిండియా కంపెనీలో చాప్లెయిను ఉద్యోగము చూశారు. దానికి మంచి జీతమున్నది. ఇండియాకు వెళ్ళవచ్చును, ఇంటికి సహాయమూ చేయవచ్చును. ఇట్లు మార్టిన్ గారు మిషనెరీ పేరుతో గాక కంపెనీ గురువుగా ఇండియాకు వచ్చారు. ఆ జీతము వెనుక ఒక చెల్లెలున్నదని తెలిసినవారు ఆయన పిలుపును సందేహింపరు.

మన సంఘములలో కూడా ఈ ప్రశ్న వచ్చుచునే ఉన్నది. సేవకు పిలుపు కలిగినను ఇంటిలో పెండ్లి కావలసిన చెల్లెలు, అప్పులు, ముసలి తల్లిదండ్రులు ఉన్నందున, బడిలోనో ఆఫీసులోనో ఉద్యోగము చేసికొంటూ ఆదివారములు వాక్యము చెప్పిన వారిని మనము ఎరుగుదుము. వారిని రెండవ తరగతి సేవకులుగా లెక్కించుట తగదు. స్వకీయులను సంరక్షించుట విశ్వాసములో భాగమని పౌలు గారు తిమోతికి నేర్పినది మనకు తెలియును. దేవుడు జీతపు ఉద్యోగమును కూడా తన ద్రాక్షతోటలోని పనిగా వాడుకొనగలడు.

ఇండియాలో సుమారు అయిదు సంవత్సరములు

1805లో ఆయన ఓడ యెక్కారు. ఆయన లిడియా గ్రెన్‌ఫెల్ అనే కారన్‌వాల్ కన్యను ప్రేమించారు. ఓడ ఫాల్మత్ రేవులో కొన్ని వారములు నిలిచినప్పుడు ఆమెను చూచి మాట్లాడారు. తర్వాత ఇండియానుండి ఆమెను రమ్మని వ్రాశారు గాని, ఆమె తల్లి సమ్మతింపలేదు. 1807లో నిరాకరణ ఉత్తరము వచ్చింది.

1806 ఏప్రిలులో ఆయన మొదట కాలుపెట్టిన ఇండియా నేల మద్రాసు. అక్కడనుండి కలకత్తాకు, ఆ తర్వాత దానాపూరుకు, 1809లో కాన్పూరుకు వెళ్ళారు. సిపాయిలకు, తెల్లవారికి ఆరాధనలు నడుపుచునే, క్రొత్త నిబంధనను హిందూస్తానీలోనికి తర్జుమా చేశారు. కాన్పూరులో తన బంగళా ముందుకు వచ్చే బిచ్చగాండ్రకు వాక్యము చెప్పేవారు. ప్రక్క గోడమీదనుండి వేడుక చూడవచ్చిన వారిలో ఒకరు షేక్ సాలీ. ఆయన 1811లో కలకత్తాలో బాప్తిస్మము పొంది అబ్దుల్ మసీహ్ అయ్యారు, తర్వాత ఆగ్రాలో గొప్ప సేవచేసి గురువుగా అభిషేకింపబడ్డారు.

ఇక్కడ మన తెలుగు నేలకు ఒక సంబంధమున్నది. మార్టిన్ గారికి పారసీ, అరబ్బీ తర్జుమాలలో సహాయకుడుగా వచ్చిన సాబాత్ అను అరబ్బు, అంతకు ముందు మన విశాఖపట్టణములో కంపెనీ కోర్టున మహమ్మదీయ ధర్మశాస్త్రము చెప్పు ముఫ్తీగా పనిచేసినవాడు. అక్కడ ఉండగా అరబ్బీ క్రొత్త నిబంధన చదివి, మద్రాసు వెళ్ళి 1804లో డాక్టర్ కెర్ గారిచేత నథానియేలు అను పేరున బాప్తిస్మము పొందాడు. మనిషి పండితుడు, మహా కోపిష్ఠి. ఒకప్పుడు కత్తి విసరిన మార్టిన్ గారు ఇప్పుడు ఆ కోపమును మూడేండ్లు ఓర్పుతో భరించారు. సాబాత్ తరువాత విశ్వాసములో నిలువలేదు. అయినను అతని మార్పు కథను బుకానన్ గారు 1809లో ప్రసంగముగా అచ్చువేయగా, దానిని అమెరికాలో చదివిన యువకుడు ఆదోనిరాము జడ్సన్ గారు మిషనెరీగా వెళ్ళుటకు ప్రేరేపింపబడ్డారు. వారే బర్మా దేశపు అపొస్తలుడు. దేవుడు జారిపోయిన దానినుండి కూడా ఫలము తీసికొన్నాడు.

ఈలోగా ఇంటి నుండి మరణవార్తలు వచ్చుచునే ఉన్నవి. దానాపూరులో ఉండగా అక్క మరణించినదని తెలిసింది. కాన్పూరులో 1810లో చెల్లెలు శాలీ కూడా క్షయతో కన్నుమూసినదని ఉత్తరము వచ్చింది. ఎవరి కొరకు జీతపు ఉద్యోగము తీసికొనెనో ఆమె లేదు. ఆ సమయమున లిడియా గారు, నన్ను ఆ చెల్లెలి స్థానములో ఎంచుకొనుడని వ్రాయగా, మార్టిన్ గారు కృతజ్ఞతతో అంగీకరించి మరల ఆమెకు ఉత్తరములు వ్రాయసాగారు. తల్లిని, చెల్లెలిని తీసికొనిపోయిన రొమ్ము జబ్బు అప్పటికే ఆయనను కూడా పట్టినది.

అట్టి స్థితిలో 1810 చివర కలకత్తా చేరినప్పుడు వేయబడినదే మన చిత్తరువు. సిమియోను గారు అందులో రోగమును చూశారు. కుటుంబ చరిత్ర తెలిసిన మనము అందులో తండ్రి పట్టుదలను, తల్లి జబ్బును, చెల్లెలి ప్రార్థనను కూడా చూడగలము.

1811 జనవరి 1న కలకత్తాలో, ఇండియాలో బైబిలు లేని తొమ్మిది లక్షల క్రైస్తవుల పక్షమున ఆయన ప్రసంగించారు. ఆ వారములోనే పారసీక దేశమునకు ఓడ యెక్కారు. సాబాత్ పారసీ తర్జుమాలో అరబ్బీ మాటలు ఎక్కువైనందున, షీరాజు పట్టణములో సుమారు ఒక సంవత్సరముండి, 1812 ఫిబ్రవరిలో పారసీ క్రొత్త నిబంధనను ముగించారు. ఇంటికి వెళ్ళుదారిలో, 1812 అక్టోబరు 16న, తుర్కీ దేశపు తోకాతు పట్టణములో, బంధువుడొక్కడును ప్రక్కన లేకుండ, ముప్పది యొకటవ యేట మరణించారు. ఆర్మేనియా సంఘపు గురువులు ఆయనను పాతిపెట్టారు. చిత్తరువు కేంబ్రిడ్జి చేరిన సంవత్సరమే ఆ ముఖము మట్టిలో కలిసినది. ఆ వార్త ఇంగ్లాండుకు 1813లో గాని అందలేదు. హిందూస్తానీ క్రొత్త నిబంధన 1814లో శ్రీరామపురమునందు, పారసీ క్రొత్త నిబంధన 1815లో సెయింట్ పీటర్స్‌బర్గులో అచ్చయినవి.

మనకేమి?

మార్టిన్ గారు చేరగోరి చేరలేకపోయిన ఆ చర్చి మిషనరీ సొసైటీయే 1841లో రాబర్టు నోబుల్ గారిని, హెన్రీ ఫాక్సు గారిని మచిలీపట్టణమునకు పంపింది. నోబుల్ గారు కేంబ్రిడ్జి విద్యార్థి. 1843లో ఆయన తెరచిన పాఠశాలనుండి తెలుగు సంఘమునకు ఎంత వెలుగు కలిగెనో వేరుగా చెప్పనక్కరలేదు. సిమియోను గారి గోడమీది పటము యువకులను హెచ్చరించిన పట్టణమునుండియే మన ఆంధ్రకు దీపము వచ్చింది.

మన దేవాలయముల వెస్ట్రీ గదులలో కూడా పటములున్నవి. బిషప్పుల పటములు, దొరల పటములు, మన తొలి దేశీయ గురువుల పటములు. కొన్నిటి క్రింద పేరు చెరిగిపోయినది. పేరున్నవాటికి కూడా తల్లి ఎవరో, భార్య ఎవరో, ఎవరి కూలి డబ్బుతో చదివెనో వ్రాసినవారు లేరు. పటము ఎక్కిన ప్రతి గురువు వెనుక పటము ఎక్కని ఒక శాలీ ఉన్నది. పిడికెడు బియ్యము తీసి సంఘమునకు ఇచ్చిన తల్లి, ఊరూరు తిరిగిన బైబిలు స్త్రీ, తన చదువు మాని తమ్ముని బోర్డింగుకు పంపిన అక్క, వీరందరు మన శతవార్షిక చరిత్రలో పాలివారే.

కాబట్టి ఈ ఉత్సవ సంవత్సరములో ప్రతి పాస్టరేటువారు ఒక పని చేయవలెనని మా మనవి. మన స్త్రీల మైత్రి వారు, యువజనులు కలిసి, తమ దేవాలయములోని ప్రతి పటము ముందు నిలిచి, ఆ కుటుంబపు పెద్దలను అడిగి, తలిదండ్రుల పేర్లు, ఊరు, అక్కచెల్లెండ్ర పేర్లు సంఘ రిజిస్టరులో వ్రాయించవలెను. చెప్పగల ముసలివారు మన మధ్య ఇంకను ఉన్నారు. రేపు ఉండరు.

ఆ పని చేయునప్పుడు ఆ పటములలోని కన్నులు మనలను కూడా చూడవచ్చును. సిమియోను గారివలె మనమును వాటికి సమాధానము చెప్పుకొని, మిగిలిన కాలమును వృథాపుచ్చక ప్రభువు పనిలో గడుపుదుము గాక. నూరు సంవత్సరములు మన మండలమును కాచిన దేవుడు ఇకమీదటను మనలను, మన ఇంటివారిని ఆశీర్వదించును గాక. ఆమేన్.